ప్రాజెక్టు కట్ట పక్కన చేపల వేపుడు: అపోహలు, వాస్తవాలు

నాగార్జునసాగర్ తొవ్వలో, జూరాల కట్ట దగ్గర, డిండి పక్కన, మూసీ ప్రాజెక్టు దారిలో పొయ్యి మీద మూకుడు, ముందు పళ్లెంలో కారం పట్టించిన ముక్కలు కనబడితే బండి దానంతటదే ఆగుతుంది. ఎక్కడ ఆగాలో బోర్డు చెప్పదు. పళ్లెంలో పచ్చి ముక్క, మూకుట్లో నూనె చెప్తాయి. ఆ రెండూ చూడకుండా ఆర్డరివ్వడం వల్లే సగం అపోహలు పుట్టాయి.

అపోహ: ప్రాజెక్టు పక్కన అమ్మేదంతా ప్రాజెక్టు చేపే.

గేట్లు ఎత్తినప్పుడు జనం విరగబడి వస్తారు. సరిగ్గా అప్పుడే ప్రవాహం ఉధృతంగా ఉండి వల వేయడం కష్టమవుతుంది. రవ్వ, బొచ్చె చేపలు గుడ్లు పెట్టేది కూడా వానకాలంలోనే. అంటే గిరాకీ పెరిగే రోజుల్లోనే ప్రాజెక్టు చేప తగ్గుతుంది. ఆ లోటును చుట్టుపక్కల చెరువుల చేప, కైకలూరు, భీమవరం వైపు నుంచి ఐసు డబ్బాల్లో వచ్చే చేప పూడుస్తాయి. మృగశిర కార్తె నాడు కూడా అంతే. ఒక్కరోజు గిరాకీకి అప్పటికప్పుడు పట్టిన చేప చాలదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే సైజు రవ్వలు వరుసగా పేర్చి ఉండి, కోస్తే పొట్టలో కొవ్వు తెల్లగా గడ్డకట్టి కనబడితే అవి మేత వేసి పెంచిన చెరువు చేపలు. చిన్నా పెద్దా కలిసి, మధ్యలో జెల్లలు, వాలుగ, పరకలు కూడా ఉంటే వలలో పడిన సరుకు. "ఇయ్యాల పొద్దుగాల వలల ఏం పడ్డయి?" అని అడగండి. రెండు మూడు పేర్లు చెప్పి, మిగతావి లేవన్నవాళ్ల మాట నమ్మొచ్చు. అయితే చెరువు చేప అంటే చెడ్డ చేప కాదు. పొద్దున్నుంచి ఎండలో పడి ఉన్న ప్రాజెక్టు చేప కన్నా ఐసులో సరిగ్గా దాచిన చెరువు చేపే మేలు.

అపోహ: ఐసులో పెట్టింది పాతది, నీళ్ల తొట్టిలో ఈదేదే తాజాది.

రవ్వ, బొచ్చె నీళ్లు దాటితే ఎక్కువసేపు బతకవు. తొట్టిలో గంటల తరబడి బతికేవి కొర్రమట్ట, మార్పు అనే చేప వంటివి, ఎందుకంటే అవి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. కాబట్టి బొచ్చె బతికి లేదని వెనక్కి తిరగక్కర్లేదు. మన ఎండాకాలంలో కిలో చేపకు దాదాపు కిలో ఐసు పడాలి. ఐసు కరిగి, ఆ నీళ్లలోనే చేప నానుతుంటే మాత్రం తీసుకోవద్దు. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి నిగనిగలాడుతూ ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి.

మసాలా పట్టించిన ముక్కకు మొప్పలుండవు కదా, అప్పుడు వెన్నెముక చూడండి. మాంసం ముల్లును గట్టిగా పట్టుకుని ఉంటే మంచిది. ముల్లు దగ్గర గోధుమరంగు తిరిగి, మాంసం దానంతటదే విడిపోతుంటే ముట్టుకోవద్దు.

అపోహ: ఎంత ఎర్రగా ఉంటే మసాలా అంత బాగా పట్టినట్టు.

మిరప ఎరుపు నూనెలో దిగుతుంది, నీళ్లలో దాదాపు దిగదు. కలిపిన రంగు నీళ్లలో ఇట్టే దిగుతుంది. చిన్న ముక్కను గ్లాసు నీళ్లలో వేయండి. ఎర్రటి చారలు కిందికి జారుతూ పోతే అది రంగు. తిన్నాక కడిగినా వేళ్ల మీద గులాబీ మరక మిగులుతుంది. మంచి కారం వేసిన వేపుడు ముదురు ఇటుకరంగులో ఉంటుంది, జిలేబీలా మెరవదు.

అపోహ: ఎంతసేపు నానితే అంత రుచి.

వేపుడు చెడేది ఎక్కువగా ఇక్కడే. కిలో ముక్కలకు చిన్న చెంచా నిండా ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి 10 నిమిషాలు ఉంచాలి. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీరు వంచేసి ముక్కలు ఒత్తి ఆరనివ్వాలి. తర్వాత పెద్ద చెంచాలతో రెండు కారం, రెండు అల్లంవెల్లుల్లి ముద్ద, ఒకటి ధనియాల పొడి, అర చెంచా జీలకర్ర పొడి, ఒక నిమ్మకాయ రసం, రెండు బియ్యప్పిండి పట్టించి ఓ అరగంట ఉంచితే చాలు. నీరు వంచకపోతే మసాలా నూనెలో జారిపోతుంది. జారిన పొడి మాడి నూనెను నల్లబరుస్తుంది, ఆ చేదు తర్వాతి వాయికి అంటుకుంటుంది. నిమ్మరసంలో రెండు మూడు గంటలు నానితే పైమాంసం తెల్లబారి పొడిపొడిగా రాలుతుంది. ఐసు లేకుండా ఎండలో నానితే రుచి మాట అటుంచి, కడుపే చెడుతుంది.

అపోహ: పాత నూనెలోనే అసలు రుచి.

ఒకటి రెండు వాయిలు వేగిన నూనెలో రంగు బాగా వచ్చేది నిజమే. ఆ తర్వాత అది నష్టమే. దేశంలో ఆహార భద్రతా నిబంధన ప్రకారం నూనెలో చెడిన పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్లు, 25 శాతం దాటితే దాన్ని వాడకూడదు. 2018 జులై నుంచి ఇది అమల్లో ఉంది. రోడ్డు పక్కన దాన్ని కొలిచే మీటరు ఉండదు, కళ్లు చాలు. ముక్క వేయకముందే పొగ రావడం, బుడగలు పగలకుండా నురుగులా నిలవడం, గరిటె నుంచి నూనె తీగలా సాగడం: వీటిలో ఒక్కటి కనబడినా ముందుకు పొండి.

నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. చిటికెడు పిండిముద్ద వేస్తే మునిగి, రెండు మూడు సెకన్లలో తేలాలి. రెండు లీటర్ల మూకుట్లో ఒక్కసారి అరకిలో మించి వేస్తే వేడి పడిపోయి ముక్క నూనె తాగుతుంది. సాయంత్రం రద్దీలో నూనె కారే ముక్క వచ్చేది అందుకే. వేలు మందం ముక్కను మొదటి రెండు నిమిషాలు కదపకూడదు, పొర గట్టిపడకముందే తిప్పితే మసాలా ఊడుతుంది. మొత్తం 6 నుంచి 8 నిమిషాలు పడుతుంది. చిటపట తగ్గి, ముక్క తేలి, విరిస్తే ముల్లు దగ్గర మాంసం తెల్లగా విడిపోతే అయినట్టు. లోపలి మాంసం గాజులా మెరిస్తే మళ్లీ నూనెలో వేయించమనండి, మొహమాటపడొద్దు. పొద్దున సగం వేయించి పెట్టి, మీరొచ్చాక మళ్లీ వేయించే చోట ముక్క అంచులు నల్లగా, లోపల పిప్పిలా ఉంటాయి. పచ్చి ముక్క మీరే ఎంచుకుని, కళ్లముందే వేయించుకోవడం ఒక్కటే దారి.

అపోహ: ముల్లు లేని మెత్తటి ముక్క అంటే కొర్రమట్టే.

కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప. బొచ్చె, రవ్వల కన్నా ఎంతో ఖరీదు. ముల్లు తీసిన ముక్కల్లో చాలాసార్లు వచ్చేది పంగాస్ అనే పెంపకపు చేప. తోలుతో ఉన్న ముక్క అడగండి: కొర్రమట్టకు పొలుసులుంటాయి, మందమైన నల్లటి తోలుంటుంది, మాంసం గట్టిగా ఉంటుంది. పంగాస్‌కు పొలుసులే ఉండవు, తోలు నున్నగా ఉంటుంది, మాంసం మెత్తగా విడిపోతుంది. అలాగే రూప్‌చంద్‌ను చందువ అని అమ్మేస్తుంటారు. చందువ సముద్రపు చేప, రూప్‌చంద్ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మంచినీటి చేప.

అపోహ: మట్టి వాసన వస్తే చేప చెడిపోయింది.

చెరువులోని నాచు, సూక్ష్మజీవులు వదిలే జియోస్మిన్ వల్ల ఆ వాసన వస్తుంది, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మరీ ఎక్కువ. పులుపుకు అది విరుగుతుంది కాబట్టి నిమ్మరసంతోనో చింతపండు నీళ్లతోనో కడగాలి, పొట్టలోపలి నల్లపొర గీకేయాలి. మురుగు, కిరోసిన్ లాంటి వాసన వేరు. దాన్ని ఏ మసాలా పోగొట్టదు.

అపోహ: చేప చేదుకట్టు (పిత్తాశయం) మింగితే షుగరు, కీళ్ల నొప్పులు తగ్గుతాయి.

ఇది ప్రాణం మీదికి తెచ్చే మాట. రవ్వ, గడ్డిచేపల చేదుకట్టు మింగినవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుని, కిడ్నీలు పనిచేయడం ఆగిపోయి డయాలసిస్ దాకా వెళ్లిన ఘటనలు మన దేశంలోనే నమోదయ్యాయి. వండినా ఆ విషం పోదు. ఎవరైనా మింగితే లక్షణాల కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోసేటప్పుడు అది పగిలితే ఆ భాగం వెంటనే కోసి పారేసి, మిగతాది బాగా కడగమనండి.

అపోహ: చేప తిని పెరుగు తింటే బొల్లి వస్తుంది.

రాదు. బొల్లి రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడం వల్ల వచ్చేది, తిండితో పొత్తు లేదు. జొన్నరొట్టె, వేపుడు, చివర్లో చల్ల హాయిగా తాగొచ్చు.

అపోహ: కిలో అంటే కిలో ముక్కలు.

తల, రెక్కలు, పేగులు, పొలుసు పోగా కిలో బొచ్చెకు మిగిలేది 600 గ్రాముల చుట్టుపక్కలే. తూకం కోయకముందా, కోశాకనా, వేయించే కూలి కలిపా విడిగానా అని ముందే అడగండి. పిల్లలుంటే తోక వైపు ముక్క వద్దు, సన్నముళ్లు అక్కడే ఎక్కువ. పొట్ట ముక్క అడగండి.

పార్సిల్ అయితే వేడి మీద మూత పెట్టనివ్వొద్దు, ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. కాగితం మీద పరిచి ఐదు నిమిషాలు ఆరాక కట్టించుకోండి. నిమ్మ, ఉల్లి విడిగా పెట్టించండి. ఎండాకాలం మూసిన కారులో గంట దాటితే ఆ ముక్క తినొద్దు.