సమ్మె, గేటు, దాటినవారు: అపోహలు - వాస్తవాలు

కార్మిక సంఘం తరఫున చర్చల్లో కూర్చోవడం, సమ్మె రోజుల్లో గేటు ముందు నిలబడడం ఇరవై ఏళ్లకు పైగా నా పని. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగినవి చట్టం గురించిన ప్రశ్నలు కావు. సమ్మె చేయడం న్యాయమేనా, సమ్మె జరుగుతుండగా లోపలికి వెళ్లినవాడు నిజంగా ద్రోహేనా అన్నవే. వీటికి యాజమాన్యాలు చెప్పే జవాబుల్లో అపోహలు ఉన్నాయి. మా సంఘాల్లో తరతరాలుగా చెప్పుకునే జవాబుల్లోనూ ఉన్నాయి.

అపోహ: సమ్మె అంటే ఒప్పుకున్న పనిని ఎగ్గొట్టడం.

వాస్తవం: పని ఎగ్గొట్టేవాడు జీతం పోకుండా చూసుకుంటాడు. సమ్మెకు దిగినవాడు ఆ రోజుల జీతం రాదని తెలిసే దిగుతాడు, పైగా ముందే నోటీసిచ్చి, అందరి ఎదుటా దిగుతాడు. రాతపూర్వకమైన ఆధారం దొరికిన తొలి సమ్మెగా చరిత్రకారులు చెప్పేది క్రీస్తుపూర్వం 12వ శతాబ్దపు ఈజిప్టులో, మూడవ రామెసెస్ పాలన 29వ ఏట జరిగింది. రాజసమాధులను నిర్మించే పనివారు తమకు జీతంగా రావలసిన ధాన్యం అందక, నెలలో 18 రోజులు గడిచిపోయాయని, ఆకలితో ఉన్నామని చెప్పి, పని విడిచి ఆలయాల వెనుకకు వెళ్లి కూర్చున్నారు. అక్కడ మాట తప్పింది పనివారు కాదు. అయితే ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం సమ్మె చేయబోమని సంఘమే సంతకం చేసి ఉంటే, ఆ సంతకానికి విలువ ఇవ్వాలని, అవతలి పక్షం ఒప్పందాన్ని ఉల్లంఘించనంతవరకు దానికి కట్టుబడాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: చట్టం ఒప్పుకుంటే న్యాయం, ఒప్పుకోకపోతే అన్యాయం.

వాస్తవం: ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులపై 1966లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక సమ్మె హక్కును గుర్తిస్తూనే, దాన్ని ఆయా దేశాల చట్టాలకు లోబడి వినియోగించుకోవాలని చెప్పింది. ఆ చట్టాలేమో ఒకదానికొకటి పొంతన లేనివి. జీతభత్యాల కోసం సమ్మె చేస్తున్నవారి స్థానంలో శాశ్వతంగా కొత్తవారిని పెట్టుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1938లో చెప్పింది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 1977లోనే అలాంటి నియామకాలను నిషేధించింది. సరిహద్దుకు ఇటు తప్పు కానిది అటు తప్పవుతున్నప్పుడు, గేటు దగ్గర నిలబడిన మనిషికి చట్టం ఒక్కటే దారి చూపలేదు.

అపోహ: లోపలికి వెళ్లి పని చేసుకోవడం పూర్తిగా వ్యక్తిగత విషయం, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నష్టం ఉంది, దాన్ని రోజుల్లో లెక్కపెట్టవచ్చు. సమ్మె బలమంతా పని ఆగడంలోనే ఉంటుంది. లోపల యంత్రాలు కొంతమేర తిరుగుతున్నకొద్దీ యాజమాన్యానికి చర్చలకు రావలసిన తొందర తగ్గుతుంది, బయట ఉన్నవారు జీతం లేకుండా గడపవలసిన రోజులు పెరుగుతాయి. చివరికి కుదిరే పెంపు మాత్రం లోపలివారికీ బయటివారికీ సాధారణంగా ఒకేలా వర్తిస్తుంది. ఫలితంలో సమాన వాటా తీసుకుంటూ, భారాన్ని మాత్రం పక్కవారి నెత్తిన పెట్టడం అన్యాయం. అందుకే గేటు దాటడం తప్పనే నేను ఇప్పటికీ అంటాను.

కానీ ఆ తప్పు ఎంత పెద్దదన్నది సంఘం ఎలా నడుచుకుందన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఈ మాట నాకు ఒక కాంట్రాక్టు కార్మికుడు నేర్పాడు. ఒక సమ్మె మూడో వారంలో, ఇంకా తెల్లవారకముందే, అతను కొంత దూరంలోనే బండి ఇంజను ఆపేసి, హెల్మెట్ తీయకుండా, గోడ పక్కగా బండిని నెట్టుకుంటూ వచ్చాడు. మావాళ్లు చుట్టుముట్టకముందే నేను వెళ్లి పలకరించాను. "ఓటింగు పెట్టినప్పుడు మమ్మల్ని పిలవలేదు, సమ్మె నిధిలో మా పేర్లు లేవు, గేటు దగ్గర మాత్రం మేం గుర్తొచ్చామా అన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అతను లోపలికి వెళ్లాడు, నేను పక్కకు జరిగాను. ఓటు లేనివారిని, నిధిలో భాగం లేనివారిని ఉమ్మడి నిర్ణయానికి కట్టుబడమని అడిగే హక్కు మాకు పూర్తిగా లేదని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ తర్వాత మా సంఘం కాంట్రాక్టు కార్మికుల పేర్లను కూడా ఓటర్ల జాబితాలోకి, సహాయం అందేవారి రిజిస్టరులోకి చేర్చింది. దానికి సభ్యుల్లోనే వచ్చిన అభ్యంతరాలను దాటడానికి ఏడాది పట్టింది.

అపోహ: దాటినవాడు ద్రోహి, అతనికి ఏం జరిగినా అతని కర్మే.

వాస్తవం: మా పక్షంలో పుట్టిన అపోహల్లో ఇదే అతి ప్రమాదకరమైనది. 1984 నవంబరులో, బ్రిటన్ బొగ్గుగని కార్మికుల సమ్మె కాలంలో, పనికి వెళ్తున్న ఒక కార్మికుణ్ని తీసుకుపోతున్న టాక్సీ మీదికి వేల్స్‌లో ఒక వంతెనపై నుంచి కాంక్రీటు దిమ్మెను పడవేశారు. చనిపోయింది ఆ కార్మికుడు కూడా కాదు, టాక్సీ డ్రైవరు. 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినప్పుడు గాంధీ ముందుగానే నాలుగు షరతులు పెట్టారు: హింసకు దిగరాదు, పనికి వెళ్లేవారిని వేధించరాదు, దానధర్మాల మీద ఆధారపడరాదు, ఎంతకాలం సాగినా నిలకడ తప్పరాదు. సమ్మె సడలుతున్నప్పుడు ఆయన నిరాహారదీక్షకు దిగారు; మిల్లు యజమానులతో తనకున్న సాన్నిహిత్యం వల్ల ఆ దీక్ష వారిపై ఒత్తిడి అయిందని, అది దోషమేనని తరువాత ఆయనే ఒప్పుకున్నారు. అన్నం మానడం కూడా బలవంతం కాగలదని అంత నిజాయతీగా ఆలోచించినవారి ముందు, గేటు దగ్గర కాలరు పట్టుకోవడాన్ని సమర్థించుకునే మాట మనకు దొరకదు. మాట్లాడడం, పేరు పెట్టి పిలవడం, కరపత్రం చేతికివ్వడం, దారి వదలడం: పికెటింగ్ చేసేవారి హద్దు అంతవరకే.

అపోహ: వైద్యులు సమ్మె చేస్తే ప్రాణాలు పోతాయి, కాబట్టి వారికి ఆ హక్కు ఉండకూడదు.

వాస్తవం: 1976 నుంచి 2003 వరకు వివిధ దేశాల్లో జరిగిన వైద్యుల సమ్మెలపై అధ్యయనాలను సమీక్షించి 2008లో ప్రచురించిన వ్యాసంలో, ఆ కాలాల్లో మరణాలు పెరగలేదని, కొన్నిచోట్ల తగ్గాయని తేలింది. వైద్యులు అవసరం లేదని దీని అర్థం కాదు. ఆ సమ్మెల్లో అత్యవసర సేవలు ఏదో ఒక రూపంలో సాగాయి, వాయిదా వేయదగిన ఆపరేషన్లే ఆగాయి. అందువల్ల అడగవలసింది ఏ సేవలు ఆగకుండా ఏర్పాటు చేశారన్నది. సంఘం ఒప్పుకున్న అత్యవసర విధులకు లోపలికి వెళ్లే నర్సు గేటు దాటినట్టు కాదు. ఆస్పత్రి సమ్మెల్లో అలా లోపలికి వెళ్లేవారికి ఇచ్చే పాసులపై నేనే సంతకాలు చేశాను.

అపోహ: ఇంటి నుంచి లాగిన్ అయితే దాటినట్టు కాదు.

వాస్తవం: దాటినట్టే. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేసినప్పుడు, సమ్మె ఎదుర్కొంటున్న స్టూడియోలకు ఇంట్లో కూర్చుని రాసినా సంఘం దృష్టిలో అది నిబంధన ఉల్లంఘనే. వినియోగదారుల విషయం వేరు: బహిష్కరించమని కార్మికులు పిలుపునిచ్చారో లేదో ముందు వారినే అడిగి తెలుసుకోండి, అన్ని సమ్మెల్లోనూ వారు అది కోరరు.

అపోహ: ఒప్పందం కుదిరితే అంతా ముగిసినట్టే.

వాస్తవం: మర్నాటి నుంచి అందరూ ఒకే షిఫ్టులో పని చేయాలి. సమ్మె చేసినవారిపై కక్షసాధింపు ఉండకూడదన్న షరతును ఒప్పందంలో రాయించడం ఎంత ముఖ్యమో, లోపలికి వెళ్లినవారిని వేధించబోమని సంఘం తన సభ్యులతో చెప్పించుకోవడమూ అంతే ముఖ్యం. గోడ పక్కగా బండి నెట్టుకొచ్చిన ఆ కాంట్రాక్టు కార్మికుడు తర్వాతి సమ్మెపై జరిగిన ఓటింగులో వద్దనే ఓటు వేశానని నాతో సూటిగా చెప్పాడు. సమ్మెకే మెజారిటీ వచ్చింది. మొదటి రోజు తెల్లవారుజామున నేను చేరుకునేసరికి అతను గేటు బయట, కరపత్రాల కట్ట చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.