సొంత పార్టీవాడు తప్పు చేస్తే: ఖండనల గురించి అపోహలు - వాస్తవాలు

ఒక పత్రిక జిల్లా డెస్కులో 22 ఏళ్లుగా రాజకీయ వార్తలు చూస్తున్నాను. ఖండనలు చదవడం నా పనిలో పెద్ద భాగం. వాట్సాప్‌లో లెటర్‌హెడ్ మీద వస్తాయి, కింద సంతకం ఉంటుంది, మధ్యలో 'తీవ్రంగా ఖండిస్తున్నాం' అని ఉంటుంది. ఎవరిని ఖండించారో చదవకుండానే చెప్పొచ్చు. దాదాపు ఎప్పుడూ అవతలి పార్టీవాళ్లనే.

కొన్నేళ్ల కిందట ఒకే వారంలో జరిగిన రెండు ఘటనలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. సోమవారం ఒక పార్టీ వార్డు నాయకుడు పారిశుద్ధ్య కార్మికురాలి మీద చెయ్యి చేసుకున్నాడు. అవతలి పార్టీ జిల్లా నాయకుడి నోట్ 20 నిమిషాల్లో వచ్చింది. కొట్టినవాడి పేరు, వార్డు నంబరు, వెంటనే అరెస్టు చేయాలన్న డిమాండు, అన్నీ ఉన్నాయి. గురువారం అదే జిల్లా నాయకుడి అనుచరుడు, బిల్లు బకాయి ఉందని కరెంటు తీసేసిన లైన్‌మన్‌ను స్తంభం దగ్గరే కొట్టాడు. వీడియో ఊరంతా తిరిగింది. ఈసారి నేనే ఫోన్ చేశాను. "వివరాలు తెప్పించుకుంటున్నా తమ్ముడూ, అరగంటలో నోట్ పంపిస్తా" అన్నారాయన. ఆయన మాట కోసం పేజీలో నాలుగు లైన్ల జాగా వదిలి రాత్రి 11:40 దాకా ఆగాను. రాలేదు. అక్కడ ఉచిత కంటి వైద్య శిబిరం వార్త పెట్టి పేజీని ప్రింటుకు వదిలేశాను. మర్నాడు లైన్‌మన్ భార్య ఆఫీసుకు ఫోన్ చేశారు. "ఆ పెద్దాయన మంచోడంటారు కదా సార్, ఒక్క మాటైనా అనలేదా?" అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ ఒక్క మాట ఎందుకు రాదని అడిగినప్పుడల్లా నాయకులు, కార్యకర్తలు నాకు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటినే ఇక్కడ ఒక్కొక్కటిగా చూస్తాను.

అపోహ: సొంతవాణ్ణి తప్పుపడితే పార్టీ దెబ్బతింటుంది, ఎన్నికల్లో మునుగుతాం.

వాస్తవం: 1951 సంగతి చూడండి. అప్పటి తాత్కాలిక పార్లమెంటులో హెచ్.జి. ముద్గల్ కాంగ్రెస్ సభ్యుడు. బొంబాయి బులియన్ (బంగారం, వెండి) వ్యాపారుల సంఘం దగ్గర డబ్బు తీసుకుని వాళ్ల కోసం సభలో ప్రశ్నలు వేశాడని ఆరోపణ వచ్చింది. విచారణ కమిటీ వేయాలని తీర్మానం పెట్టింది ప్రతిపక్షం కాదు, స్వయంగా ప్రధాని నెహ్రూ. తప్పు జరిగిందని కమిటీ తేల్చాక సెప్టెంబరులో బహిష్కరణ తీర్మానం కూడా ఆయనే తెచ్చారు. ఓటింగ్‌కు ముందే ముద్గల్ రాజీనామా ఇచ్చేశాడు. సభ అక్కడితో వదిలేయలేదు, ఈయన బహిష్కరణకు తగినవాడేనని తీర్మానం చేసి రికార్డుల్లోకి ఎక్కించింది. అప్పటికి మొదటి సార్వత్రిక ఎన్నికలకు నెల రోజులే గడువు. ఆ ఎన్నికల్లో 489 లోక్‌సభ స్థానాలకు కాంగ్రెస్ 364 గెలిచింది. ముద్గల్‌ను పంపినందుకే గెలిచిందని నేను అనను. పంపినందువల్ల మునిగిపోలేదన్నది మాత్రం కళ్లెదుట ఉంది.

ముద్గల్ మీద విచారణ జరిపిన ఆ కమిటీకి అధ్యక్షుడు టి.టి. కృష్ణమాచారి. ఆరేళ్లు తిరిగేసరికి ప్రశ్నలు ఆయన వైపే తిరిగాయి. అప్పటికి ఆయన ఆర్థిక మంత్రి. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లను ఎల్ఐసీ రూ.1.24 కోట్లు పెట్టి కొన్నది. ప్రజలు బీమా కోసం కట్టిన సొమ్ము అది. 1957 డిసెంబరులో లోక్‌సభలో దీన్ని బయటపెట్టినవాడు ఫిరోజ్ గాంధీ. కాంగ్రెస్ ఎంపీ, పైగా ప్రధానికి అల్లుడు. ఇంటి గుట్టు రచ్చకెక్కించాడని ఆయన్ను అనడానికి ఎంత అవకాశం ఉందో ఆలోచించండి. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు.

తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. ఫిరోజ్ గాంధీ 1960లో చనిపోయేదాకా అదే పార్టీ ఎంపీగా ఉన్నారు. కృష్ణమాచారి 1963లో మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు. అడిగినవాడూ మిగిలాడు, సమాధానం చెప్పుకున్నవాడూ మిగిలాడు.

అపోహ: ఖండిస్తే ప్రత్యర్థుల చేతికి కత్తి ఇచ్చినట్టే.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. మీ మాటను అవతలి సోషల్ మీడియా వింగ్ కోసి, పైన ఎర్రక్షరాలు పెట్టి గంటలో తిప్పుతుంది. కొన్ని ఊళ్లలో టీ కొట్లు కూడా పార్టీల వారీగా ఉన్నాయి. ఒక పార్టీవాళ్ల పెళ్లికి ఇంకో పార్టీవాళ్లు వెళ్లరు. అలాంటి చోట సొంతవాడి తప్పు ఒప్పుకోవడం అంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ డెస్కులో కూర్చుని చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. నాయకుడు మొదటిరోజే పేరు పెట్టి తప్పన్నప్పుడు ఆ వార్త ఒక్క రోజుది. దాచి, దబాయించి, వీడియో ఫేకన్నాక అసలు ఫుటేజీ బయటికొస్తే అది వారం రోజుల వార్త. రెండోసారి మనిషి కాదు, పార్టీయే హెడ్డింగులోకి ఎక్కుతుంది.

అపోహ: వాళ్లు రెచ్చగొట్టారు, అందుకే మనవాళ్లు అలా చేశారు. ముందు వాళ్లను ఖండించండి.

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఇదే. దీనికి నాకు తెలిసిన గట్టి సమాధానం ఉత్తరప్రదేశ్‌లోని చౌరీచౌరా. 1922 ఫిబ్రవరిలో అక్కడ ఊరేగింపు మీద ముందు పోలీసులే కాల్పులు జరిపారు, ఊరేగింపులోని వాళ్లు చనిపోయారు. ఆ కోపంతో జనం పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెట్టారు. 22 మంది పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. రెచ్చగొట్టడం అంటే అంతకన్నా ఏం ఉంటుంది? అయినా గాంధీ, వాళ్లు ముందు కాల్చారు కదా అని సర్దుకోలేదు. మనవాళ్లు చేసింది నేరమన్నారు, 5 రోజులు ఉపవాసం ఉన్నారు, దేశమంతా నడుస్తున్న సహాయ నిరాకరణను ఆపించారు. జైళ్లలో ఉన్న సొంత నాయకులే మండిపడ్డారు. మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్ను కట్టబోమని భీష్మించుకుని కూర్చున్న రైతులు కూడా ఆగాల్సి వచ్చింది. ఉద్యమం ఆపడం సరైనదేనా అన్న దానిమీద ఇప్పటికీ వాదనలున్నాయి, ఉండొచ్చు. అవతలివాడి తప్పును తాను సమర్థించుకోవడానికి వాడుకోకపోవడం మాత్రం నా దృష్టిలో ఆయన చేసిన అతి కష్టమైన పనుల్లో ఒకటి.

అపోహ: ఖండించడమంటే కష్టంలో ఉన్న మనవాణ్ణి నడిరోడ్డు మీద వదిలేయడమే.

వాస్తవం: చౌరీచౌరా కేసులో సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. అలహాబాద్ హైకోర్టులో వాళ్ల తరఫున వాదించిన వాళ్లలో కాంగ్రెస్ పెద్ద మదన్ మోహన్ మాలవీయ ఉన్నారు. చివరికి 19 మందికి ఉరి ఖాయమైంది, మిగతా వాళ్లకు అది తప్పింది. చేసింది తప్పు అని చెప్పిన పార్టీలోంచే వాళ్లకు లాయరూ దొరికాడు. తప్పును తప్పనండి, బెయిలుకు సాయం చేయండి, ఇంటికి బియ్యం పంపండి. ఇవి ఒకదానికొకటి అడ్డు కావు.

అపోహ: ఫిరాయింపుల చట్టం ఉంది కాబట్టి ఎమ్మెల్యే, ఎంపీ నోరు విప్పకూడదు.

వాస్తవం: ఫిరాయింపుల చట్టమంటే 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు. పార్టీ సభ్యుడి మీద అది రెండింటికే వేటు వేస్తుంది. సభలో విప్‌కు, అంటే ఇలా ఓటు వేయాలన్న పార్టీ ఆదేశానికి, విరుద్ధంగా ఓటు వేయడం లేదా ఓటింగ్‌కు రాకపోవడం ఒకటి. స్వచ్ఛందంగా పార్టీని వదులుకోవడం రెండోది. ఈ రెండోది ప్రవర్తనను బట్టి కూడా తేలుస్తారు. ప్రత్యర్థుల సభకు వెళ్లినందుకు జేడీయూ నాయకుడు శరద్ యాదవ్ 2017లో రాజ్యసభ సభ్యత్వం పోగొట్టుకున్నారు. కర్ణాటకలో సొంత ముఖ్యమంత్రి మీద నమ్మకం లేదని గవర్నర్‌కు లేఖలిచ్చిన ఎమ్మెల్యేల మీద వేటును మాత్రం 2011లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నాయకుడి మీద అసమ్మతి వేరు, పార్టీని వదలడం వేరు అన్నది అందులోని విషయం. లైన్‌మన్‌ను కొట్టడం తప్పు అన్నందుకు పదవి తీసేసే చట్టం ఈ దేశంలో లేదు. టికెట్ రాదన్న భయం ఉంటే ఉండొచ్చు, కానీ దానికి చట్టాన్ని అడ్డం పెట్టుకోకూడదు.

అపోహ: 'చట్టం తన పని తాను చేసుకుపోతుంది' అంటే ఖండించినట్టే.

వాస్తవం: కాదు. ఈ మాటలను నేను రోజూ ఎడిట్ చేస్తాను కాబట్టి వాటి లోపల ఏముందో చెప్పగలను. 'అది ఆయన వ్యక్తిగతం' అంటే మాకు పట్టదని. 'మాటలను వక్రీకరించారు' అంటే తప్పు రాసినవాళ్లదని. 'ఎవరి మనసైనా నొప్పించి ఉంటే' అన్నది అన్నిటికన్నా బాధ పెడుతుంది, ఎందుకంటే నొప్పి కలిగిందో లేదో కూడా అనుమానమే అంటోంది. నిజమైన ఖండనలో నాలుగు విషయాలు చూస్తాను: చేసినవాడి పేరు, చేసిన పని, దెబ్బతిన్న మనిషి, పార్టీ ఏం చేయబోతోంది. నాలుగూ ఉన్న నోట్, అదీ సొంతవాడి మీద, నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే వచ్చాయి.

2020 ఫిబ్రవరి నుంచి పార్టీలకు ఇంకో బాధ్యత ఉంది. కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నారో సీ-7 ఫారంలో ప్రకటించాలి, గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కాకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. పత్రికల్లో ఆ ప్రకటనలు చదవండి. 'ప్రజల్లో మంచి ఆదరణ', 'కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి' లాంటి మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

అపోహ: నేను మామూలు కార్యకర్తను, నేనంటే ఎవరు వింటారు?

వాస్తవం: లైన్‌మన్ సంగతికి మళ్లీ వస్తాను. వారం తర్వాత అదే ఊరి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, అదే పార్టీ యువజన విభాగం. వాళ్ల మండల గ్రూపులో అతను పెట్టిన మెసేజ్ చదివి వినిపించాడు: "కొట్టింది మనవాడే. తప్పు. ఇంటికెళ్లి క్షమాపణ చెప్పాలి." మూడు గంటలు ఒక్కరూ జవాబివ్వలేదట. రాత్రికి కొన్ని బొటనవేళ్లు వచ్చాయి. తెల్లారేసరికి అతన్ని గ్రూపులోంచి తీసేశారు. బాబాయి మాట్లాడటం మానేశాడు. అయినా ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకుని ఆ ఆదివారం లైన్‌మన్ ఇంటికి వెళ్లాడు. "అన్నా, ఆయన మాతో ఏం మాట్లాడలేదు. ఆవిడే కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చింది" అన్నాడు.

నేను లైన్‌మన్ భార్యకు ఫోన్ చేసి అడిగాను. వచ్చారన్నారు. కుర్రాడు పేరు వద్దన్నాడు కాబట్టి పేరు లేకుండానే రాశాను. ఆ రోజు జిల్లా పేజీలో నాలుగు లైన్లు.