ఒక ఫోన్‌లో వచ్చే వీడియో ఇంకో ఫోన్‌లో ఎందుకు రాదు?

హైదరాబాద్‌లో ఫొటో స్టూడియోలకు, ఫంక్షన్ హాళ్లకు, కోచింగ్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లకు ఈ ఫోన్ కాల్ కొత్తేమీ కాదు: "మా ఆండ్రాయిడ్‌లో పెళ్లి వీడియో బాగానే వస్తోందండీ, పెళ్లికూతురు వాళ్ల ఐఫోన్‌లో మాత్రం ప్లే అవట్లేదు." ముందు నెట్‌ని తిడతారు, తర్వాత ఎడిటింగ్ చేసినవాళ్లని. ఫైల్ మార్చి మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేస్తారు. చాలాసార్లు తప్పు ఫైల్‌లో ఉండదు, సర్వర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆ తప్పు ఇప్పటిది కాదు.

సర్వర్ ఏ ఫైల్ పంపినా దానికి ముందు 'కంటెంట్-టైప్' అని ఒక లైను పంపుతుంది. వచ్చేది వీడియోనా, బొమ్మనా, మామూలు టెక్స్టా అన్నది బ్రౌజర్‌కి చెప్పేది ఆ లైనే. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ పద్ధతి మొదట ఈమెయిల్ కోసం పుట్టింది. అటాచ్‌మెంట్లు పంపడానికి నాథనియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ 1992లో మైమ్ అనే ప్రమాణం రాశారు. వెబ్ దాన్నే తీసుకుంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమాలైన హెచ్‌టీటీపీకి 1996లో వచ్చిన 1.0 పత్రంలో అది ఉంది. కంటెంట్-టైప్‌లో రాసే పేరునే మైమ్ టైప్ అంటారు.

చిక్కు వెబ్‌సైట్లు నడిపే అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలైంది. తనకు తెలియని ఫైల్ ఎదురైతే అపాచీ చాలా ఏళ్లు దాన్ని 'టెక్స్ట్/ప్లెయిన్' అని, అంటే మామూలు టెక్స్ట్ అని పంపేది. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ మాట నమ్మకుండా ఫైల్ మొదటి 256 బైట్లు తానే చదివి అదేమిటో ఊహించేది. పేజీ బాగానే కనిపించేది కాబట్టి సర్వర్ తప్పుగా చెబుతోందని ఎవరికీ తెలిసేది కాదు. ఆ మంచితనమే చేటు చేసిందని నా గట్టి అభిప్రాయం. బొమ్మ పేరుతో స్క్రిప్ట్ అప్‌లోడ్ చేస్తే బ్రౌజర్ దాన్ని వెబ్ పేజీ అనుకుని నడిపించిన సందర్భాలూ వచ్చాయి. చివరికి మైక్రోసాఫ్టే 2008లో, ఎక్స్‌ప్లోరర్ ఎనిమిదో వెర్షన్ తయారీ సమయంలో, ఊహించవద్దని సర్వర్ చెప్పడానికి 'నోస్నిఫ్' హెడర్ (కంటెంట్-టైప్ లాంటిదే ఇంకో లైను) తెచ్చింది.

తెలుగు పాఠకులు ఇలాంటి బాధ వీడియోల కంటే ముందే పడ్డారు. 1990ల చివర్లో తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చినప్పుడు ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంట్. ఫాంట్ దానంతటదే దిగేలా ఎక్స్‌ప్లోరర్‌కి ఈవోటీ రకం ఫాంట్ ఫైల్, అప్పటి ఇంకో బ్రౌజర్ నెట్‌స్కేప్‌కి పీఎఫ్ఆర్ రకం ఫైల్ పెట్టాల్సి వచ్చేది. పీఎఫ్ఆర్ కోసం సర్వర్‌లో విడిగా మైమ్ టైప్ చేర్చాలి. ఫాంట్ అందకపోతే వార్త బదులు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపించేవి. అన్ని భాషలకూ ఒకే అక్షర పద్ధతి అయిన యూనికోడ్ వచ్చాక కూడా, అపాచీలో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (అక్షరాల కోడ్ పట్టిక) పాతదే ఉంటే తెలుగు పేజీ అలాగే చెడిపోయేది. పేజీలో యూటీఎఫ్-8 (యూనికోడ్ రాసే పద్ధతి) అని రాసినా హెడర్ మాటే చెల్లుతుంది మరి.

2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 బ్రౌజర్, పేజీలో నేరుగా వీడియో పెట్టే వీడియో ట్యాగ్‌తో వచ్చింది. ఆగ్ అనే రకం వీడియో ఫైల్‌ని సర్వర్ 'వీడియో/ఆగ్' లాంటి సరైన టైప్‌తో పంపకపోతే అది ప్లే చేయడానికి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది గూగుల్ వెబ్ఎమ్ అనే ఇంకో రకం వీడియో ఫైల్ తెచ్చింది. షేర్డ్ హోస్టింగ్ (పలువురు పంచుకునే సర్వర్) వాడే చిన్న డిజైనర్లు అపాచీ సెట్టింగ్స్ రాసే హెచ్‌టీ యాక్సెస్ ఫైల్‌లో, ఏ ఫైల్‌కి ఏ టైప్ అని చెప్పే 'యాడ్‌టైప్' లైన్లు చేర్చడం అప్పుడే నేర్చుకున్నారు. టైప్ తప్పుగా ఉన్నా కొన్ని బ్రౌజర్లు వీడియో చూపించేవి, ఫైర్‌ఫాక్స్ మాత్రం సరైన మైమ్ టైప్ ఉన్న వీడియో దొరకలేదని మొహం మీదే చెప్పేది.

ఐఫోన్‌ది ఇంకో కథ. దాని బ్రౌజర్ సఫారీ వీడియోని ఒకేసారి మొత్తం అడగదు. ముందు 0 నుంచి 1 దాకా, అంటే మొదటి రెండు బైట్లు మాత్రమే అడిగి చూస్తుంది. సర్వర్ 206 కోడ్‌తో ఆ ముక్క మాత్రమే పంపాలి. 200 అని మొత్తం ఫైల్ కుమ్మరిస్తే ప్లే చేయదు. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే ఈ ముక్కల పద్ధతి ఉంది. మామూలు ఫైళ్లకు అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో సర్వర్ దీన్ని వాటంతటవే చూసుకుంటాయి. కానీ పాస్‌వర్డ్ పెట్టిన పెళ్లి గ్యాలరీల్లో చాలాసార్లు వీడియోని పంపేది పీహెచ్‌పీ స్క్రిప్ట్, అంటే సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్. అది రాసినవాళ్లకు ఈ సంగతి తరచూ తట్టదు. అందుకే పబ్లిక్ లింక్‌లో వచ్చే వీడియో లాగిన్ అయ్యాక ఐఫోన్‌లో రాదు.

ఫైల్ లోపలి తప్పులూ లేకపోలేదు. ఎంపీ4లో 'మూవ్' అనే సూచిక భాగం చివర్లో ఉంటే వీడియో మొదలవడానికి ఆలస్యమవుతుంది. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రామ్‌లో 'ఫాస్ట్‌స్టార్ట్' ఆప్షన్ పెడితే అది ముందుకు వస్తుంది. కానీ ఫైల్ జోలికి వెళ్లే ముందు కంప్యూటర్ బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, వీడియో లైను మీద క్లిక్ చేసి, కంటెంట్-టైప్ 'వీడియో/ఎంపీ4' అని ఉందా, ముక్క అడిగినప్పుడు 206 వస్తోందా అన్నవి చూడండి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాకే ఫైల్‌ని అనుమానించాలి.