ధ్యానం ఆఫీసుకొచ్చింది, ఆజీవం గుమ్మం బయటే ఆగింది

బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో మైండ్‌ఫుల్‌నెస్ సెషన్లు ఇప్పుడు మామూలే. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పనిచేసే మన తెలుగు పిల్లల్ని అడిగితే చెబుతారు. మీటింగ్ రూములో లైట్లు తగ్గించి అరగంట శ్వాసను గమనిస్తారు. ఆ తర్వాత అదే గదిలో, యూజర్ యాప్ వదిలిపోకుండా ఏఐ మోడల్‌ని ఎలా మార్చాలన్న రివ్యూ మొదలవుతుంది. ఈ రెండింటికీ మధ్య లంకె ఎక్కడ తెగిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఐటీ రాకముందే ఈ ఊళ్లో బౌద్ధం ఉంది. ఆచార్య బుద్ధరక్షిత గాంధీనగర్‌లో మహాబోధి సొసైటీని 1956లో స్థాపించారు. నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించిందీ ఆ ఏడాదే. బర్మాలో విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతి నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా 1969లో మన దేశంలో శిబిరాలు మొదలుపెట్టారు. పది రోజుల శిబిరంలో చేరేవాళ్లు ఫోను అప్పగించాలి, మౌనం పాటించాలి, అన్నిటికంటే ముందు పంచశీలకు, అంటే చంపడం, దొంగతనం, అబద్ధం, తప్పుడు కామం, మత్తు మానాలన్న ఐదు నియమాలకు ఒప్పుకోవాలి. శీలం కుదిరాకే ధ్యానం.

ఆఫీసులకు వచ్చిన ధ్యానానిది వేరే దారి. 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడే రోగుల కోసం, మతం ఊసు లేని ఎనిమిది వారాల కోర్సు తయారుచేశారు. దాన్ని తప్పుపట్టను, ఎందరికో ఊరట దొరికింది. 2007లో గూగుల్ తన ఉద్యోగులకు ఇలాంటిదే మొదలుపెట్టింది. కంపెనీలకు చేరేసరికి టెన్షన్ తగ్గించే భాగమే మిగిలింది. నిజానికి బుద్ధుడు చెప్పిన ఎనిమిది మెట్ల అష్టాంగ మార్గంలో, మైండ్‌ఫుల్‌నెస్‌కు మూలమైన సమ్యక్ స్మృతి ఏడోది. దానికి ముందే, ఐదోదిగా, సమ్యక్ ఆజీవం ఉంది: ఏ పని చేసి బతుకుతున్నాం అన్నది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం అమ్మి బతకొద్దని బుద్ధుడి బోధల సంపుటి అంగుత్తర నికాయం పేరుపేరునా చెబుతుంది.

ఏఐ నైతికత మీద 2017లో పరిశోధకులు కూడి రాసుకున్న అసిలోమార్ సూత్రాలు, 2021లో యునెస్కో సిఫార్సు వచ్చాయి. నీతి ఆయోగ్ కూడా పత్రాలు తెచ్చింది. అన్నీ కావలసినవే. కానీ కోడ్ రాసే మనిషి తన పనిని తాను పరీక్షించుకునే అలవాటు వాటితో రాదు. బౌద్ధంలో ఆ అలవాటు ఉంది. మన కృష్ణా తీరంతో ముడిపడిన బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు రత్నావళి అనే గ్రంథంలో రాజుకు ధర్మం చెబుతూ, ఖైదీలకు మంగలి, స్నానం, తిండి, మందులు, బట్టలు అందేలా చూడమన్నాడు. ఎవరి బతుకు నీ చేతిలో ఉందో వాళ్లని చూడమని.

లోన్ ఇవ్వాలో వద్దో తేల్చే మోడల్ రాస్తున్న ఇంజినీరు చేతిలోనూ అలాంటి బతుకులున్నాయి. అది ఎవరిని తిరగ్గొడుతోంది? వాళ్లకి కారణం చెబుతున్నారా? తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషైనా ఉన్నాడా? ఆఫీసు ఇచ్చే ఆ అరగంటలో ఈ ప్రశ్నలకూ చోటుండాలి.