సిమ్యులేషన్ స్లోగా ఉంటే కొత్త కంప్యూటర్ కొనాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

బిల్డింగ్ ఎనర్జీ మోడలింగ్ (భవనానికి ఎంత ఎనర్జీ పడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం) చేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: "రన్ గంటలు పడుతోంది, ఏ మెషిన్ కొనమంటారు?" ఏం రన్ చేస్తున్నారో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం.

అపోహ: కోర్లు ఎన్ని ఎక్కువుంటే రన్ అంత త్వరగా అయిపోతుంది.

ఈ పనికి వాడే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మోడల్ రన్ దాదాపు మొత్తం ఒకే కోర్ మీద నడుస్తుంది. ఈ పది నిమిషాల్లో గోడ ఎంత వేడి దాచుకుందో తేలితే గానీ తర్వాతి పది నిమిషాల లెక్క మొదలుకాదు మరి. గంటకు 6 టైమ్‌స్టెప్‌లు (అంటే పది నిమిషాలకో లెక్క) పెడితే ఏడాదిలోని 8,760 గంటలకు 52,560 స్టెప్‌లు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి, పైగా హెచ్‌వీఏసీ (ఏసీ, హీటింగ్, వెంటిలేషన్) లెక్కలు అవసరమైతే ఇంకా చిన్న స్టెప్‌లు వేసుకుంటాయి. 32 కోర్ల మెషిన్ కొన్నా ఒక కోర్ చెమటోడుస్తుంటే మిగతా 31 చోద్యం చూస్తుంటాయి. కాబట్టి ఒక్కో మోడల్ మార్చుకుంటూ రన్ చేసేవాళ్లు కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోర్ ఎంత వేగమో చూడాలి. కొత్త తరం ప్రాసెసర్, ఎక్కువ బూస్ట్ క్లాక్ (కోర్ అందుకోగల గరిష్ఠ వేగం), పెద్ద క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ).

పారామెట్రిక్ రన్‌లు (ఒకే మోడల్‌ని విలువలు మార్చి మార్చి నడపడం), ఆప్టిమైజేషన్ అయితే కథ వేరు. వందల రన్‌లు విడివిడిగా నడుస్తాయి కాబట్టి అక్కడ కోర్లకు పెట్టిన డబ్బు వృథా కాదు. అయితే హైపర్‌థ్రెడింగ్‌తో (ఒక కోర్ రెండు పనులు పంచుకునే పద్ధతి) వేగం రెట్టింపు కాదు, అన్ని కోర్లూ ఒకేసారి పనిచేస్తే క్లాక్ కొంత తగ్గుతుంది, ఒక్కో రన్‌కూ విడిగా మెమరీ కావాలి. సన్నటి ల్యాప్‌టాప్ అయితే కాసేపటికి వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది.

అపోహ: మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలి.

భవనంలో వేడి రాకపోకల లెక్కలు (హీట్ బ్యాలెన్స్) జీపీయూని, అంటే గ్రాఫిక్స్ చిప్‌ని ముట్టుకోనే ముట్టుకోవు. ఎనర్జీప్లస్ కొత్త వెర్షన్లలో నీడల లెక్కకు పిక్సెల్ కౌంటింగ్ అనే పద్ధతి జీపీయూని వాడుకుంటుంది, షేడింగ్ సర్ఫేస్‌లు బాగా ఎక్కువున్న మోడళ్లలో పనికొస్తుంది, కానీ డిఫాల్ట్‌గా ఉండేది సీపీయూ మీద నడిచే పాలిగన్ క్లిప్పింగ్ పద్ధతే. డేలైటింగ్ (సహజ వెలుతురు) లెక్కల్లో మామూలు రేడియన్స్ సాఫ్ట్‌వేర్ సీపీయూ మీదే నడుస్తుంది. దాని జీపీయూ వెర్షన్ యాక్సెలరాడ్ వాడేవాళ్లకైతే ఎన్విడియా కార్డ్ కావాల్సిందే.

ర్యామ్ పెంచినా అంతే. మెమరీ నిండిపోయి డిస్క్ మీదకు పోతుంటేనే తేడా తెలుస్తుంది.

అపోహ: ఎస్‌ఎస్‌డీ ఉంది కాబట్టి డిస్క్ గురించి టెన్షన్ లేదు.

ప్రతి జోన్‌కూ (మోడల్‌లో భవనాన్ని విడగొట్టిన భాగాలు) టైమ్‌స్టెప్ స్థాయిలో పాతిక వేరియబుల్స్ అడిగి, ఆ ఫోల్డర్‌ని క్లౌడ్ సింక్‌లోనో నెట్‌వర్క్ డ్రైవ్‌లోనో పెడితే ఏ ఎస్‌ఎస్‌డీ ఏం చేస్తుంది? లోకల్ ఫోల్డర్‌లో రన్ చేయండి, అక్కర్లేని అవుట్‌పుట్ తీసేయండి.

అసలు నన్నడిగితే, కొనేముందు మోడల్ తెరవండి. అవసరం లేకపోయినా కండక్షన్ ఫైనైట్ డిఫరెన్స్ (గోడల్లో వేడి ప్రవాహాన్ని మరింత వివరంగా లెక్కించే పద్ధతి) ఆన్‌లో ఉందా? దానికి గంటకు కనీసం 20 టైమ్‌స్టెప్‌లు కావాలి, అంటే 6తో పోలిస్తే స్టెప్‌లే మూడు రెట్లు దాటిపోతాయి. ఫేజ్ చేంజ్ మెటీరియల్ (కరుగుతూ, గడ్డకడుతూ వేడిని దాచుకునే పదార్థం) లాంటివి లేకపోతే మామూలు సీటీఎఫ్ (డిఫాల్ట్ లెక్క పద్ధతి) చాలు. నీడల లెక్క డిఫాల్ట్‌గా 20 రోజులకోసారి జరుగుతుంది, దాన్ని ఎవరైనా రోజూ అని మార్చారేమో చూడండి. సోలార్ రిఫ్లెక్షన్స్ (చుట్టుపక్కల ఉపరితలాల నుంచి తిరిగివచ్చే ఎండ) లెక్కలు కూడా టైమ్ బాగా తినేస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనిపిస్తే, కొనబోయే ప్రాసెసర్ ఉన్న మెషిన్ మీద మీ సొంత మోడల్ ఒకసారి రన్ చేసి, ఎర్రర్ ఫైల్ చివర్లో కనిపించే ఎలాప్స్‌డ్ టైమ్‌ని పాత మెషిన్‌తో పోల్చి చూసుకోండి.