రిజిస్ట్రేషన్ అయితే చాలా? కొత్తగా ఇల్లు కొనేవారి అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో బ్యాంకులకూ, విడిగా వచ్చే కొనుగోలుదారులకూ ఆస్తి పత్రాలు పరిశీలించి లీగల్ ఒపీనియన్ రాసి ఇవ్వడం నా వృత్తి. ఇల్లు కొన్నాక చిక్కుల్లో పడి నా దగ్గరకు వచ్చేవారు లోకం తెలియనివారేమీ కారు. వారిలో ఉపాధ్యాయులుంటారు, ఆర్టీసీ ఉద్యోగులుంటారు, కువైట్ నుంచి మగవారు పంపిన డబ్బుతో ఇల్లు తీసుకున్న కడప జిల్లా కుటుంబాలుంటాయి. అందరి నోటా దాదాపు ఒకే మాట వింటాను: "రిజిస్ట్రేషన్ అయింది, ఈసీ (ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) క్లియర్‌గా ఉంది, బ్యాంకోళ్ళు లోను గూడా ఇచ్చినారు, ఇంకేం కావాల సార్?" ఇవి మూడు నమ్మకాల్లా కనిపించినా వీటి మూలం ఒక్కటే. మన తరఫున ఎవరో ముందే అన్నీ చూసి పెట్టారన్న ధీమా అది. నేను చూసినంతలో కొత్తగా ఇల్లు కొన్నవారిని అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది ఈ ధీమాయే కాబట్టి, దీని గురించే వివరంగా రాస్తాను.

అపోహ: సబ్ రిజిస్ట్రార్ అన్నీ చూశాకే రిజిస్టర్ చేస్తారు.

వాస్తవం: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే, హక్కు కాదు. వచ్చిన మనిషి దస్తావేజులో పేరున్న మనిషేనా, సంతకం తనదేనని ఒప్పుకుంటున్నాడా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా, ఆస్తి 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్టర్ చేయకూడని ఆస్తుల పట్టికలో) ఉందా అన్నవి కార్యాలయం చూస్తుంది. అమ్మేవాడికి అసలు హక్కు ఉందా అన్నది తేల్చడం దాని పని కాదు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తమిళనాడు రిజిస్ట్రేషన్ నిబంధన ఒకదాన్ని కొట్టివేస్తూ స్పష్టంగా చెప్పింది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం కడుతున్నాం గనుక ప్రభుత్వమే పూచీ పడినట్టని అనుకోవడం సహజం, కానీ ఆ ఏడున్నర శాతంలో పూచీకత్తు కింద కట్టింది ఒక్క పైసా లేదు. హక్కుకు పూచీ పేరుతో తెచ్చిన భూ హక్కుల చట్టం రద్దుకు 2024 జూలైలోనే శాసనసభ ఆమోదం తెలిపింది. అయినా "ఒరిజినల్ కాగితాలు గవర్నమెంటు దగ్గరే పెట్టుకుంటారంట కదా" అని ఇప్పటికీ అడిగేవారున్నారు. పెట్టుకోరు. ఆ పుకారును ఇకనైనా వదిలేయండి.

ఇక ఈసీ సంగతి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. యజమాని చనిపోయిన సంగతి దానికి ఎక్కదు, ఆయన వారసులెవరో ఎక్కదు, రిజిస్టర్ చేయని వీలునామా ఎక్కదు, పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా జరిగిన భాగపంపకాలు ఎక్కవు, కోర్టులో నడుస్తున్న దావా కూడా చాలాసార్లు ఎక్కదు. కాబట్టి ఈసీ ఎంత శుభ్రంగా ఉందన్నది కాదు, ఒక లావాదేవీకీ మరొక లావాదేవీకీ మధ్య ఎంత ఖాళీ ఉందన్నది చూడాలి.

ఒక ఆర్టీసీ కండక్టరు గారి ఉదంతం చెబుతాను. ఆయన కొన్న ఇంటి ఈసీలో రెండే పద్దులున్నాయి. 1994లో ఒక పెద్దాయన స్థలం కొన్నది మొదటిది, 2019లో ఆ పెద్దాయన కొడుకు ఈ కండక్టరు గారికి ఇల్లు అమ్మింది రెండోది. మధ్యలో పాతికేళ్ళపాటు ఏమీ లేదు, దానికే అందరూ క్లియర్ అని పేరు పెట్టుకున్నారు. దస్తావేజు రెండో పేజీలో "మా తండ్రిగారి మరణానంతరం నాకు వారసత్వంగా సంక్రమించి, నా స్వాధీనానుభవములో ఉన్న" అని ఒక వాక్యం ఉంది. తండ్రి వీలునామా రాయకుండా పోయారు, తల్లి అంతకుముందే పోయారు, ధర్మవరంలో ఒక కూతురు, పత్తికొండలో మరొక కూతురు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అటువంటి తండ్రి స్వార్జితంలో ముగ్గురు పిల్లలకూ సమాన వాటా ఉంటుంది. కూతుళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయా, కట్నం ఇచ్చారా అన్నదానితో చట్టానికి నిమిత్తం లేదు. కొడుకు అమ్మగలిగింది మూడింట ఒక వంతు కాగా, కండక్టరు గారు మూడు వంతులకూ డబ్బు కట్టారు.

భాగపరిష్కారపు దావాలో సమన్లు అందాక ఆయన భార్య కాగితాలన్నీ ఒక బట్ట సంచిలో పెట్టుకుని వచ్చి నా బల్లమీద ఒక్కొక్కటిగా పరిచారు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, గృహప్రవేశం పత్రిక కూడా అందులో ఉన్నాయి. "ఇన్ని ఉన్నా మాది కాదంటే ఎట్లా సార్?" అని ఆమె అడిగిన తీరు నాకు బాగా గుర్తుంది. పన్ను రసీదు పన్ను కట్టినట్టు మాత్రమే రుజువు చేస్తుందని ఆ క్షణాన ఆమెకు చెప్పడం తేలికగా లేదు. అటువైపు ఆడబిడ్డలదీ అన్యాయమైన కోరిక కాదు. "మా నాయన కట్టించిన ఇల్లు సార్ అది, మాకు మాటైనా చెప్పకుండా అమ్మినాడు మాయన్న" అని వారిలో పెద్దామె రాజీ మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు అన్నారు. చివరకు ఇద్దరికీ వారి వాటాల విలువ చెల్లించి, వేరుగా దస్తావేజులు రాయించుకున్న తరువాతే ఇల్లు పూర్తిగా కండక్టరు గారిదైంది. అమ్మినవాడి చేతిలో అప్పటికి డబ్బు మిగలలేదు.

ఈ ఇంటికి బ్యాంకు లోను ఇచ్చింది, న్యాయవాది ఒపీనియన్ కూడా ఉంది. ఆ ఒపీనియన్‌కు ఆధారమైన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో కొడుకు పేరు ఒక్కటే ఉంది, అది తెచ్చి ఇచ్చింది ఆ కొడుకే. మేము రాసే ప్రతి ఒపీనియన్‌లోనూ "నాకు చూపిన పత్రాల మేరకు" అన్న ముక్క ఉంటుంది. వీధిలోకి వెళ్ళి ఆరా తీయడం మామూలుగా ఆ పరిశీలనలో భాగం కాదు. పైగా బ్యాంకుకు మీ జీతం ఉంది, హామీదారు ఉన్నారు. దావా పడినంత మాత్రాన ఈఎంఐ ఆగదు. విచిత్రమేమంటే ఆ ఒపీనియన్ ఫీజు కట్టేది కొనేవారే, దాన్ని ఒక్కసారైనా చదవనిదీ వారే. కాపీ అడిగి తీసుకోండి. బ్యాంకు ఇవ్వనంటే మీ తరఫున వేరే న్యాయవాదికి చూపించండి. గుమ్మానికి అయ్యే ఖర్చంత కూడా ఉండదు ఆ ఫీజు.

మీరు స్వయంగా చేయవలసినవి కొన్ని ఉన్నాయి. లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారిన పాత దస్తావేజుల్లో, ఎక్కడ మరణం కనిపించినా అక్కడ ఆగి, భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరి పేర్లూ ఇరుగుపొరుగును అడిగి రాసుకోండి. వారందరూ అమ్మకందారులుగా సంతకం చేయనిదే ముందుకు కదలకండి. 1983 నుంచి ఈసీని, 22ఏ జాబితాను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. అంతకు ముందుదానికి కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. కాగితాలు తాకట్టు పెట్టి తీసుకున్న బ్యాంకు అప్పులు సెర్సాయి రిజిస్టరులో, దావాలు కోర్టుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో అమ్మేవారి పేరుతో వెతకాలి. ఊరు పెరిగి పొలాలు కాలనీలైన మన జిల్లాల్లో సర్వే నంబరు పుట్టుపూర్వాలు మరీ ముఖ్యం. అది డీ-పట్టా (ప్రభుత్వం పేదలకు పంచిన) భూమా, రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుండవలసిన చోట చుక్కలు పెట్టిన భూమా అన్నది ఇల్లు ఎంత అందంగా కట్టినా చెరిగిపోదు. "జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించడానికిచ్చే అధికార పత్రం) ఉంది, అదే అమ్మకంతో సమానం" అనేవారితో వాదన అనవసరం. 2011లోనే సుప్రీంకోర్టు కాదని తేల్చింది.

అపోహ: ప్రభుత్వ విలువకే రాయించుకుని మిగతాది నగదుగా ఇస్తే డబ్బు మిగులుతుంది.

మిగిలేది కొద్దిపాటి డ్యూటీ. పైన చెప్పిన కండక్టరు గారిలా చిక్కులో పడితే, తిరిగి రాబట్టుకోవడానికి మీ చేతిలో రుజువు దస్తావేజులో రాసిన మొత్తానికే ఉంటుంది. దళారి పక్కన నిలబడి "అందరూ ఇట్లే చేస్తారన్నా" అన్నంత మాత్రాన చట్టం మారదు. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానాకు దారి తీస్తుంది. ఆ జరిమానా పుచ్చుకున్నంత మొత్తమూ ఉండవచ్చు. "రేపటికి వేరేవాళ్ళు పట్టుకుపోతారు" అని తొందరపెట్టి టోకెను అడ్వాన్సు లాగేవారికి ఇదొక్కటి గుర్తుచేసి చెక్కు ఇస్తానంటే చాలు, తొందర చాలావరకు చల్లబడుతుంది. ఫ్లాటు కొనేవారి నుంచి అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పదిశాతానికి మించి బిల్డరు తీసుకోకూడదని బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం కూడా చెబుతోంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. లోనుతోపాటు బ్యాంకు చూపించిన కంపెనీలోనే జీవిత బీమా తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. ఏకమొత్తపు ప్రీమియాన్ని లోనులో కలిపేస్తే దానిమీద కూడా ఏళ్ళ తరబడి వడ్డీ కడతారు. అప్పటికే పాలసీ చేతికి వచ్చి ఉంటే 30 రోజుల్లో వాపసు ఇవ్వవచ్చు. ఇంటికి అగ్నిప్రమాద బీమా అడగడం మాత్రం వేరే సంగతి, అది ఉండవలసిందే. మారే వడ్డీపై సొంతానికి తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీరిస్తే పెనాల్టీ ఉండదు. పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0 వడ్డీ రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ విడతలుగా మీ లోను ఖాతాకే జమ అవుతుంది. "మీ సబ్సిడీ శాంక్షనైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి, ఓటీపీ చెప్పండి" అన్న ఫోను ఎవరిదైనా సరే మోసమే. పొరపాటున డబ్బు పంపితే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

ఇంట్లో చేరిన మొదటి ఏడాదిలోనే వాస్తు పేరుతో గోడలు పగలగొట్టి మెట్లు మార్చేవారిని చూస్తే నాకు బాధకన్నా విసుగే ఎక్కువ. నమ్మకం ఉన్నవారు కొనకముందే చూపించుకోవచ్చు కదా! తాడిపత్రి బండలు, బేతంచెర్ల రాళ్ళు గంటల ప్రయాణంలో దొరికే చోట దూరాల నుంచి తెప్పించిన పలకలకోసం టాపప్ లోను ఎందుకో నాకు అంతుబట్టదు, ఇది నా వృత్తికి సంబంధించిన మాట కాకపోయినా. బోరు విషయంలో కొబ్బరికాయ అరచేతిలో నిలబడిన చోట కన్నా భూగర్భ శాస్త్రజ్ఞుడు యంత్రంతో చూసిన చోటు నయం, భూగర్భ జలాల వాడకాన్ని నియంత్రించే వాల్టా చట్టం కింద అనుమతి తప్పనిసరి. అడుగుల లెక్కన బిల్లు వేస్తారు గనుక బండి పని చేస్తున్నంతసేపూ ఇంటి మనిషి ఒకరు దగ్గరుండి దించిన రాడ్లు లెక్కపెట్టి, ఒక్కొక్క రాడ్డు పొడవుతో హెచ్చవేసి రాసుకోవాలి.

లోను తీరిన తరువాత ఒరిజినల్ దస్తావేజుల కోసం బ్యాంకు చుట్టూ తిరగవలసిన అవసరం కూడా ఇప్పుడు లేదు. 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. బాకీ తీర్చిన రోజునే లిఖితపూర్వకంగా అడిగి, ఆ అర్జీ నకలుమీద తేదీతో ముద్ర వేయించుకోండి.