పెద్దవాళ్ళ దగ్గర వ్యాపారం కొనడం: గోదావరి జిల్లాల్లో నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మండపేట రైసు మిల్లు కానీ, మోరి జీడిపప్పు యూనిట్ కానీ, భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీ కానీ, కోనసీమలో పీచు మిల్లు కానీ, నలభై ఏళ్ళ కిందట మొదలుపెట్టినవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి. కొనాలనుకునే కుర్రాళ్ళూ బాగానే తయారయ్యారు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చినవాళ్ళు కొందరు, చేపలు, రొయ్యల చెరువుల్లో నాలుగు డబ్బులు చూసి ఇంకో దాంట్లో పెడదామనుకునేవాళ్ళు కొందరు. ఈ ఇద్దరి మధ్యా కూర్చుని బేరం కుదర్చడం నా పని. వచ్చే ప్రతివాడూ ఇంచుమించు ఇవే ఊహలతో వస్తాడు కాబట్టి ఒకసారి రాసి పడేస్తే నాకు కాస్త గొంతు మిగులుతుంది.

అపోహ: పిల్లలు అమెరికాలో ఉన్నారంటే పెద్దాయన అమ్మేస్తారు.

అదే నిజమైతే మన ఊళ్ళలో వీధికి రెండు చొప్పున అమ్మకానికి ఉండాలి. కొడుకు డల్లాస్‌లో ఉన్న మనిషికి మిల్లు ఇంకా ఎక్కువ కావాలి, పొద్దున్నే తెల్లపంచె కట్టుకుని వెళ్ళడానికి ఆయనకి మిగిలింది అదొక్కటే. నేను చూసే గుర్తులు వేరు. సార్టెక్స్ మిషన్ పాతబడి బియ్యంలో నల్లగింజ వస్తున్నా మార్చలేదంటే, కారుతున్న రేకులకి కొత్తవి వేయకుండా టార్పాలిన్ కప్పి నెట్టుకొస్తున్నారంటే, సొంత లారీ అమ్మేసి కిరాయి లారీ పిలుస్తున్నారంటే, కొత్త పార్టీలకి అరువు ఇవ్వడం మానేశారంటే ఆయన మనసులో ఏదో తేలిపోయినట్టే. రైసు మిల్లుల్లో ఇంకో గుర్తుంది. ప్రభుత్వ ధాన్యం మర ఆడించడానికి బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, అది పెట్టడం తగ్గించుకుంటూ వస్తున్నారంటే ఇంటి కాగితాలు ఇక రిస్కులో పెట్టదలచుకోలేదని అర్థం.

అన్నిటికంటే పెద్ద గుర్తు గుమాస్తా. పాతిక ముప్పై ఏళ్ళుగా పద్దులు రాస్తున్న ఆయనకీ కళ్ళు కనపడని వయసొచ్చి, పక్కన కుర్రాణ్ణి పెట్టి పని నేర్పించట్లేదంటే ఆ వ్యాపారం ఆ ఇద్దరితోనే ఆగుతుందని యజమానికీ తెలుసు. అదే అల్లుడుగారు రోజూ వచ్చి కౌంటర్‌లో కూర్చుంటున్నారనుకోండి, దణ్ణం పెట్టి వచ్చేయండి, ఆ మిల్లు దొరకదు.

అపోహ: నలుగురు బ్రోకర్లకి చెప్పి పెడితే వాళ్ళే పట్టుకొస్తారు.

స్థలాలకైతే సరే. నడుస్తున్న వ్యాపారానికి ఇలా చేస్తే ఆ పెద్దాయన కొంప ముంచినవాళ్ళవుతారు. ఎలాగో చెప్తా. మన దగ్గర వ్యాపారాలు బ్యాంకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే అవసరం కొద్దీ వాడుకునే అప్పు) ఒక్కదాని మీదే నడవవు. రిటైరైన మాస్టారు, వదినగారు, పక్కూరి రైతు, వీళ్ళంతా ప్రోనోటు రాయించుకుని డబ్బు వేసి ఉంటారు. ప్రోనోటుకి కాలదోషం మూడేళ్ళు కాబట్టి మూడేళ్ళలోపు తిరగరాయించుకుంటూ పదిహేను, ఇరవై ఏళ్ళుగా ఆ డబ్బు అక్కడే తిరుగుతుంటుంది. ఇప్పుడు సెంటర్‌లో టీకొట్టు దగ్గర ఎవరో 'ఫలానాయన మిల్లు అమ్మేస్తున్నాడంట' అంటే, సాయంత్రానికి అది 'అప్పులైపోయాయంట' అవుతుంది, మర్నాటికి 'ఐపీ పెడతాడంట', అంటే దివాలా తీస్తాడంట అని, అవుతుంది. ఆ మాట ఒక్కసారి పుట్టిందా, ప్రోనోట్లున్నవాళ్ళందరూ ఒకే వారంలో గుమ్మం ముందుంటారు. లాభాల్లో ఉన్న మిల్లు కూడా అన్ని బాకీలు ఒక్కసారిగా తీర్చలేదు. ఆయనకిది బాగా తెలుసు, అందుకే ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి 'అమ్ముతారా' అంటే నిజంగా అమ్మాలని ఉన్నా 'ఎవరు చెప్పారు నీకు' అని కసురుతారు.

మరి దారి ఎవరు? ఆయన లోపలి సంగతులు తెలిసీ నోరు మెదపనివాళ్ళు. ఆడిటర్ గారు మొదటివారు, కానీ ఆయన తన క్లయింటు గురించి మీకు చెప్పరు, చెప్పకూడదు కూడా. మీరు అడగాల్సింది 'ఎవరు అమ్ముతున్నారు' అని కాదు. 'నేను ఇలాంటిది కొని ఇక్కడే ఉండి నడుపుకుందామనుకుంటున్నాను, మీకు తెలిసినవాళ్ళెవరైనా ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే నా పేరు చెప్పండి' అని వచ్చేయడమే. మిల్లు మెకానిక్కులు, రబ్బర్ రోల్స్ వేసే ఏజెంట్లు, ఐస్ ఫ్యాక్టరీలకి అమ్మోనియా తెచ్చిచ్చేవాళ్ళు కూడా మంచి దారే. ఏ మిషన్ ఎన్నాళ్ళుగా ఆగిపోయిందో వాళ్ళకి తెలిసినంత ఓనర్ కొడుక్కి కూడా తెలియదు.

అపోహ: మొదటి మీటింగ్‌లోనే సూటిగా రేటు మాట్లాడితే టైం కలిసొస్తుంది.

మీటింగ్ అనే ఆలోచనే తీసేయండి. వెళ్ళగానే ఆయన అడిగేది 'ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?' అని. దానికి మీరు చెప్పే జవాబు బట్టే మజ్జిగ వస్తుందా, 'మళ్ళీ కనపడు' అనే మాట వస్తుందా తేలిపోతుంది. మా నాన్నగారు ఫలానా, మా మేనమావగారు ఫలానా ఊళ్ళో చేస్తారు అని వివరంగా చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు. ఆయన వెంటనే ఫోన్ చేసి వాకబు చేస్తారు, చెయ్యనివ్వండి. చుట్టరికం కలిస్తే బాబాయ్ గారూ, మావయ్య గారూ అనండి, కలవకపోతే అండీ అంటే చాలు, కలవని వరస కలుపుకుంటే నవ్విపోతారు.

'మీకు వయసైపోయింది కదండీ' అన్న మాట నోట్లోంచి రాకూడదు. లెక్కల పుస్తకాలు చూపించమని మొదటిరోజు అడగకూడదు. మరేం మాట్లాడాలి? ఎలా మొదలుపెట్టారు, ధాన్యం ఆడే మొదటి హల్లర్ మిషన్ ఎక్కడ కొన్నారు, 86 వరదల్లో గోడౌన్ ఏమైంది, 96 నవంబర్ తుఫానులో రేకులెగిరిపోతే మళ్ళీ ఎలా నిలబెట్టారు, ఇవి అడగండి. ఇదేదో మొహమాటపు కబుర్లనుకునేరు. తుఫాను తర్వాత ఎవరు డబ్బు సర్దారో చెప్పేటప్పుడు ఆయన అప్పులవాళ్ళ జాబితా దానంతటదే బయటికొస్తుంది. మీరు కొంటే రేపు మొదట మీ గుమ్మంలోకి వచ్చేది వాళ్ళే.

టైం కూడా చూసుకోవాలి. మాసూళ్ళ సమయంలో ధాన్యం లారీలు లైన్లో ఉంటే మిల్లరు దగ్గరికి వెళ్ళి ఆగమాగం చెయ్యకండి. ఆషాఢంలో, మూఢంలో కబుర్లు చెప్పుకోవచ్చు, అడ్వాన్సు మాట ఎత్తకండి. మీకు నమ్మకాల్లేకపోవచ్చు, సంతకం పెట్టేది ఆయన. కుదిరితే అమ్మగారు కూడా ఉండేలా ఇంట్లోనే కలవండి. నేను కూర్చున్న బేరాల్లో 'ఇంక చాలండీ, మోకాళ్ళు సహకరించట్లేదు కదా' అన్న మాట ఎక్కువసార్లు వంటింటి గుమ్మం దగ్గర్నుంచే వచ్చింది.

అపోహ: ఇంటిపెద్ద సంతకం పెడితే అయిపోయినట్టే.

ఇక్కడే కేసులు పుడతాయి. మిల్లు ఆయన స్వార్జితమే కావచ్చు, మిల్లు కింద నేల తాతగారి నాటి పొలం అయి ఉంటుంది. 'ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు చేసి ఇచ్చేశాం, వాళ్ళ సంతకాలెందుకు' అనే మాట ఇప్పటికీ వింటాను. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు 1986 చట్ట సవరణతోనే వచ్చింది, అప్పటికే పెళ్ళైనవాళ్ళకి అది వర్తించలేదు. 2005లో కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అక్కర్లేదా అన్న గొడవని 2020లో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. కాబట్టి కాకినాడలో ఉన్న కూతురైనా, న్యూజెర్సీలో ఉన్న కూతురైనా కాగితం మీద ఉండాల్సిందే. విదేశంలో రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, కవర్ బీరువాలో పెట్టి మర్చిపోయేవాళ్ళు బోలెడుమంది.

అందరూ ఒకచోట దొరికేది సంక్రాంతికే. అయితే భోగి రోజున ఈ టాపిక్ తీసి పండగ పాడుచెయ్యకండి. కనుమ వెళ్ళాక, ఫ్లైటు ఎక్కేలోపు ఒక పూట చూసుకోమని పెద్దాయనకి ముందే చెప్పి ఉంచాలి.

భాగస్వామ్య సంస్థ అయితే డీడ్ తప్పకుండా చదవండి. ఒక పార్ట్‌నర్ చనిపోతే సంస్థ కొనసాగుతుందని అందులో రాసుకోకపోతే చట్టం ప్రకారం అది రద్దైనట్టే. పోయిన పార్ట్‌నర్ పేరుతోనే ఇంకా కరెంటు బిల్లు వస్తున్న మిల్లులు చూశాను.

అపోహ: బ్యాలెన్స్ షీట్ లాభానికి ఇన్ని రెట్లు అని లెక్క కట్టేస్తే ధర తేలిపోతుంది.

ఒక లెక్క వేద్దాం, అంకెలు ఊహించుకున్నవే. పుస్తకాల్లో ఏడాదికి 18 లక్షల లాభం. పెద్దాయన జీతం తీసుకోరు, ఆ పని మీరు మేనేజర్‌తో చేయిస్తే నెలకి 40 వేలు, ఏడాదికి 4 లక్షల 80 వేలు. స్థలం సొంతం కాబట్టి అద్దె లేదు, బయట అద్దెకైతే నెలకి 60 వేలు, అంటే 7 లక్షల 20 వేలు. మిగిలింది 6 లక్షలు. వ్యాపారం విలువ ఆ 6 లక్షల మీద. పెద్దాయన మనసులో ఉన్నదేమో రోడ్డు పక్క రెండెకరాల రేటు. ఇద్దరూ రెండు వేరు వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటూ పగలంతా గడిపేస్తారు.

నేను ఎప్పుడూ ఇచ్చే సలహా, రెండూ విడదీయండి. నేల ఆయనదే, మీరు లీజుకి తీసుకోండి, వ్యాపారం, మిషనరీ, పేరు కొనుక్కోండి. ఆయనకి నెలనెలా అద్దె వస్తుంది, పిల్లలకి నేల మిగులుతుంది, మీకు పెట్టుబడి తగ్గుతుంది. లీజు రిజిస్టర్ చేయించాలి, పదకొండు నెలల కాగితం మీద బాయిలర్ బిగించకండి.

గోడౌన్‌లో బస్తాలు చూసి మురిసిపోకండి. ప్రభుత్వం ఇచ్చిన ధాన్యం ప్రభుత్వానిదే. క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. లెక్క తగ్గితే ఆ తగ్గుదల ఎవరిదో అగ్రిమెంటులో ఉండాలి.

'సగం వైటు, సగం బ్లాకు' అన్న దగ్గర నేను లేచి వచ్చేస్తాను. 2 లక్షలు, అంతకు పైన నగదు తీసుకోకూడదని 2017 నుంచి ఉంది, దొరికితే తీసుకున్నంతా జరిమానా, అదీ తీసుకున్నవాళ్ళకి. డెబ్బై ఏళ్ళాయనకి అది తగిలించడం మర్యాద కాదు.

అపోహ: పాత బాకీలు పాత ఓనర్‌వి, నాకేంటి?

జీఎస్‌టీ చట్టంలో వ్యాపారం చేతులు మారితే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ పాత పన్నుకి బాధ్యులే. పీఎఫ్ బకాయి కూడా కొన్నవాళ్ళ దాకా వస్తుంది. కరెంటు బకాయి కొత్త ఓనర్ దగ్గర వసూలు చెయ్యడాన్ని 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఈపీడీసీఎల్ (కరెంటు కంపెనీ) ఆఫీసులో సర్వీసు నంబరు మీద బాకీ, డిపాజిట్, మంజూరైన లోడు మూడూ కనుక్కోండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చూస్తే సరిపోదు, సెర్సాయ్‌లో (తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) కూడా వెతికించండి, కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పులు అక్కడ తేలతాయి.

ఒక మంచి సంగతి, నడుస్తున్న వ్యాపారం మొత్తంగా కొంటే దాని మీద జీఎస్‌టీ పడదు. మిషన్లు విడివిడిగా బిల్లు చేయించుకుంటే పడుతుంది. సొంత పేరు మీద నడిచే సంస్థ అయితే లైసెన్సులు మీ పేరున కొత్తగా తెచ్చుకోవాలి, దానికి పట్టే నెలలు లెక్కలో వేసుకోండి.

ఇవి కాగితాల బాకీలు. కాగితం లేనిది ఇంకోటుంది, హమాలీల జట్టు. ఆ మిల్లులో బస్తాల ఎగుమతి దిగుమతి తరాలుగా వాళ్ళ పని. కొత్త ఓనర్ వచ్చి వేరే జట్టుని పెడతానంటే లారీ కదలదు. మేస్త్రిని ముందే కలవండి, పెద్దాయన పక్కనుండగా.

అపోహ: డబ్బిచ్చేశాక పెద్దాయనతో పనేముంది?

అరువు తీసుకున్నవాళ్ళు ఆయన మొహం చూసి బాకీ కడతారు, మీ మొహం చూసి కాదు. రిజిస్ట్రేషన్ మర్నాడే ఆయన్ని ఇంటికి పంపిస్తే రావలసిన బాకీల్లో చాలావరకు ఆయనతోనే వెళ్ళిపోతాయి. కనీసం ఒక సార్వా, ఒక దాళ్వా, అంటే రెండు వరి పంటల కాలం, ఆయన కుర్చీ అక్కడే ఉంచండి. బోర్డు మీద పేరు మార్చడానికి తొందరపడకండి. డబ్బులో కొంత భాగం బాకీలు వసూలైన కొద్దీ ఇచ్చేలా రాసుకుంటే ఆయనకీ రోజూ రావడానికి ఒక కారణం ఉంటుంది.

'మళ్ళీ పక్క వీధిలో పెట్టేస్తే?' అని కొందరికి టెన్షన్. ఆయన కంటే మేనల్లుడి విషయంలో భయపడండి. గుడ్‌విల్ (వ్యాపారానికున్న పేరు) అమ్మినవాళ్ళు ఫలానా ప్రాంతంలో అదే వ్యాపారం చెయ్యమని రాసిస్తే, షరతు సబబుగా ఉంటే, కాంట్రాక్టు చట్టం ఒప్పుకుంటుంది. ఆ కాగితంలో గుడ్‌విల్ కొన్నట్టు విడిగా రాయించండి, మేనల్లుడికి అందులో వాటా ఉంటే అతనితో కూడా సంతకం పెట్టించండి.

ఇక పెద్దాయన వైపు నుంచి, ఆయన బయటికి అడగని ప్రశ్న ఒకటుంది. ఇంటి దస్తావేజులు బ్యాంకులో ఉన్నాయి, మీరు మిల్లు తీసుకున్నాక మీ అప్పుకి కూడా ఆయన ఇల్లే హామీగా ఉండిపోతుందా? పార్ట్‌నర్‌గా తప్పుకుంటే బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్ళ దగ్గర ఆయన బాధ్యత పోదు కూడా. పత్రికలో ప్రకటన మీ ఖర్చుతో వేయించండి. సీసీ ఖాతా ముందు మీ సొంత హామీ మీదికి మార్పించుకుని, ఫలానా తారీఖుకి దస్తావేజులు ఇంటికొస్తాయని అగ్రిమెంటు మొదటి పేజీలోనే రాయించండి. పది లక్షలు ఎక్కువిస్తానన్నవాణ్ణి కాదని ఈ ఒక్క లైను రాసినవాళ్ళకి ఇచ్చిన పెద్దవాళ్ళు నాకు తెలుసు. బ్యాంకువాళ్ళు ఈ మార్పిడికి తీరిగ్గా తిప్పుతారు, కాబట్టి అడ్వాన్సు ఇచ్చే రోజునే అప్లికేషన్ పెట్టించండి.